సగటున సరిగ్గా ఆరూ నలభై

ముప్ఫైనాలుగేళ్ల ఉద్యోగంలో నాకు మార్కులు వేసిన మనిషి ఒక్కరే. పదికి మూడు వేశారు. ఆ మూడూ కూడిక తప్పుపోకుండా చేసినందుకట.

నేను కోనసీమలో బస్సు కండక్టరుగా చేరి, కంట్రోలరుగా రిటైరయ్యాను. కంట్రోలరంటే బస్టాండులో కిటికీ వెనక కూర్చుని ఏ బండి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది రాసుకునేవాడు. డ్రైవరు తినాల్సిన తిట్లు ముందుగా తినేవాడు కూడా. నా తరవాత ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లూ, రేపు కూర్చోబోయేవాళ్లూ చదువుతారని ఇది రాస్తున్నాను. ఇప్పుడు మీ ఫోనులో ప్రతి బండీ చుక్కలా కదులుతూ కనపడుతుంది. నెలాఖరుకి మీ బళ్ల సగటు ఇంత అని మెసేజీ కూడా వచ్చేస్తుంది. ఆ సగటు చూసుకుని కాలరెగరేసే ముందు నా మూడు మార్కుల సంగతి ఒకసారి వినండి.

మలికిపురం అవతల ఒక ఊళ్లో మా నైట్ హాల్ట్ బండి ఉండేది. సాయంత్రం వెళ్లి ఆ ఊళ్లోనే నిలిచిపోతుంది. పొద్దున్న ఆరూ పదికి బయలుదేరి, రాజోలు మీదుగా వచ్చి, వైనతేయ మీద వంతెన దాటి, ఏడూ నలభైకి అమలాపురం చేరాలి. రాజోలు ఇంకా రాకముందే కాలవ వంతెన అని ఒక చిన్న స్టాపు తగులుతుంది. అక్కడ దాని టైము ఆరూ నలభై. ఆ స్టాపుకి షెల్టరు లేదు, కూర్చోడానికి బల్ల లేదు. ఉన్న ఒక్క కిళ్లీ బడ్డీ ఏడింటికి గానీ తెరవరు.

ఒకరోజు ఆ స్టాపు నుంచి అర్జీ వచ్చింది. రాసినావిడ రిటైరైన లెక్కల టీచరు. ఆ స్టాపు ఉన్న ఊళ్లోనే మిషన్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పారు. చర్చి పక్క సందులో చెల్లెలుగారితో కలిసి ఉంటారు. టీచరు గారికి కిడ్నీలు చెడిపోయాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో అమలాపురం వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి, పొద్దున్న ఎనిమిదింటి బ్యాచి. ఆరూ నలభై బస్సు సమయానికి రావడం లేదని, దానివల్ల తన వంతు పోతోందని, దయచేసి చూడమని మూడు వాక్యాల్లో రాశారు. అక్షరాలు అచ్చు గుద్దినట్టున్నాయి.

మేనేజరు గారు ఆ కాయితం నా బల్లమీద పడేసి "జవాబు రాసి పడెయ్యండి" అన్నారు. మా కండక్టర్లు ప్రతి స్టాపులోనూ టికెట్టు మెషీన్‌లో స్టేజీ మార్చాలి. మార్చిన టైము అందులో నిలిచిపోతుంది. పది రోజుల లెక్క బయటికి తీశాను. అన్నీ కూడి, పదితో భాగించాను. కాలవ వంతెన దగ్గర సగటు సరిగ్గా ఆరూ నలభై! ఒక్క నిమిషం తేడా లేదు. నాకు ఎంత ఆనందం వేసిందో చెప్పలేను. "సదరు సర్వీసు కాలవ వంతెన స్టాపు నుండి సగటున సరిగ్గా 6.40 గంటలకే బయలుదేరుచున్నది. కావున ఫిర్యాదు నిరాధారము" అని రాసి, సంతకం గీకి, ఆ బండి కండక్టరు చేతికే ఇచ్చి పంపించాను.

రెండురోజుల తరవాత మధ్యాహ్నం పూట కిటికీ దగ్గర ఒకావిడ నిలబడ్డారు. బక్కపలచటి మనిషి, నేత చీర, ఎడమచేతికి మోచేతి దగ్గర కట్టు. కుడిచేతిలో నా జవాబు.

"కంట్రోలరు గారంటే మీరేనాండీ?"

"ఆయ్, నేనేనండీ. చెప్పండి."

"ఇది రాసింది కూడా మీరేనా?"

కాయితం కిటికీలోంచి లోపలికి తోశారు. ఎర్ర సిరాతో 'నిరాధారము' చుట్టూ సున్నా చుట్టి ఉంది. పక్కన మార్జిన్‌లో పదికి మూడు అని వేసి ఉంది.

"కూడికా భాగహారమూ బాగా చేసేరు. దానికి మూడు," అన్నారు. "మిగతా ఏడూ ఎందుకు పోయేయో తెలుసాండీ?"

నాకు ఒళ్లు మండిపోయింది. యాభై ఆరేళ్ల వయసులో, వెనక క్యూలో జనం కిసుక్కుమంటుండగా, మార్కులేమిటండీ! కానీ ఆ కట్టు చూసి ఊరుకున్నాను. "లోపలికొచ్చి కూర్చోండి టీచరు గారూ" అన్నాను. వచ్చారు, కూర్చున్నారు, ఊపిరి తీసుకున్నారు.

"కాయితం తియ్యండి," అన్నారు.

తీశాను. బళ్లో తీసినట్టే తీశాను, ఏం దాచుకోను.

"మీరు చూసిన పది రోజుల్లో ఒక బుధవారం మీ బస్సు పద్నాలుగు నిమిషాలు లేటుగా వచ్చింది. అవునాండీ?"

మెషీన్ కాయితం చూశాను. "అవునండీ."

"తరవాతి సోమవారం పద్నాలుగు నిమిషాలు ముందే వెళ్లిపోయింది. నేను స్టాపుకి వచ్చేసరికి పొగ కూడా లేదు. తరవాత బస్సుకొస్తే నా మంచం ఇంకొకరికి ఇచ్చేసేరు. వాళ్ల తప్పు లేదు, ఒక్కొక్కరికి నాలుగు గంటలు పట్టే పని, ఎంతసేపని ఖాళీగా ఉంచుతారు? ఆరోజు ఏ బ్యాచిలోనూ ఖాళీ లేదు. సూది పడకుండానే ఇంటికెళ్లేను. ఇప్పుడు ఆ రెండు రోజులూ కలిపితే ప్లస్ పద్నాలుగు, మైనస్ పద్నాలుగు. మీ లెక్కలో సున్నా. నా సోమవారం కూడా సున్నాయేనాండీ?"

మెషీన్ కాయితంలో ఆ రెండు తేదీల కిందా గీత గీశాను.

"సగటు ఒక్కటే చెప్తే సగం చెప్పినట్టు. సగటు చుట్టూ రోజులు ఎంత చెదిరిపోయేయో అది కూడా చెప్పాలి. ఒక్కోరోజు ఆరూ నలభైకి ఎంత దూరంలో ఉందో రాయండి."

రాశాను. లేటైన అయిదు రోజులవీ ప్లస్ పది, ప్లస్ పద్నాలుగు, ప్లస్ ఎనిమిది, ప్లస్ పద్దెనిమిది, ప్లస్ పన్నెండు. ముందెళ్లిన అయిదు రోజులవీ మైనస్ పన్నెండు, మైనస్ పద్నాలుగు, మైనస్ పది, మైనస్ పదిహేను, మైనస్ పదకొండు.

"ఊరికే కూడితే మళ్లీ సున్నాయే వస్తుంది. అందుకని ఒక్కోదాన్ని దానితోనే హెచ్చించండి. మైనస్సులన్నీ చచ్చినట్టు ప్లస్సులైపోతాయి. ఆ వచ్చినవి కూడి, పదితో భాగించండి."

చెమటలు పట్టాయి గానీ చేశాను. నూట అరవై ఒకటీ చిల్లర వచ్చింది.

"దానికి వర్గమూలం. పన్నెండు పన్నెండ్లు నూట నలభైనాలుగు, పదమూడు పదమూళ్లు నూట అరవైతొమ్మిది. అంటే పదమూడుకి కాస్త తక్కువ. దీన్ని ప్రామాణిక విచలనం అంటారండీ. ఆ పేరు చెప్పగానే మా పిల్లలు నీళ్లు తాగొస్తామని బయటికెళ్లిపోయేవారు." ఆవిడ మొదటిసారి నవ్వారు. "మీ బస్సు ఆరూ నలభై బస్సు కాదండీ. ఆరూ నలభైకి అటో పదమూడు నిమిషాలు, ఇటో పదమూడు నిమిషాలు."

నాలోని ఉద్యోగి ఇంకా చావలేదు. "మీరు కాస్త ముందొచ్చి నిలబడితే సరిపోతుంది కదండీ టీచరు గారూ" అన్నాను.

ఆవిడ చీర కుచ్చిళ్లు కొద్దిగా పైకి తీశారు. పాదాలు పొంగిన పూరీల్లా ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. "ఆరూ ఇరవై అయిదు నించి ఆరూ యాభై ఎనిమిది దాకా వీటిమీద నిలబడమంటారు. అంతేగదండీ?" అన్నారు. కోపంగా అనలేదు. ఆ అనకపోవడమే నాకు తగిలింది.

వెళ్లేముందు ఇంకొక్క మాటన్నారు. "రోజు విడిచి రోజు ప్లస్సూ మైనస్సూ వస్తున్నాయి, చూసేరా? ఎందుకో కనుక్కోండి. దానికి మార్కులుంటాయి."

కనుక్కోడానికి కష్టపడక్కర్లేకపోయింది. ఆ బండికి ఇద్దరు డ్రైవర్లు, రోజు మార్చి రోజు. అంచేత టీచరు గారికి ఒక వారం సోమ బుధ శుక్ర మూడూ ఒకాయనవి, తరవాతి వారం మూడూ రెండో ఆయనవి వచ్చేవి. ఒకాయనకి రిటైర్మెంటు దగ్గర పడింది, పెద్దాయన అంటాను. ఇంకొకతను నలభైలోపువాడు, చిన్నాయన అంటాను. సాయంత్రం బండెక్కి ఆ నైట్ హాల్ట్ ఊరు వెళ్లి, రెండు ఉదయాలు ఇద్దరితోనూ ప్రయాణం చేశాను.

పెద్దాయన బండి ఆరూ పదికే స్టార్టు చేశారు. చేశారంతే, కదల్లేదు. వీధిలోంచి ఎవరో "ఆయ్, వచ్చేస్తున్నామండీ" అన్నారు. ఒకామె కారేజీకి మూత పెడుతోంది. ఒకాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ అరుగు దిగుతున్నాడు. ఇంకో స్టాపులో బావామరుదులిద్దరు మెట్టు దగ్గర నిలబడి "మీరు ముందెక్కండి బావగారూ" అంటే "అబ్బే, మీరెక్కండి" అనుకుంటూ ఒక నిమిషం మింగేశారు. పెద్దాయన అద్దంలో చూస్తూ, నవ్వుతూ, స్టీరింగు మీద చెయ్యేసుకు కూర్చున్నారు. బండిలో ఒక్కరూ గొణగలేదు. మా వైపు మనిషిని తొందరపెట్టడమంటే తిట్టినంత పని. కాలవ వంతెన చేరేసరికి ఆరూ యాభై రెండు.

"ఇదేంటండీ?" అన్నాను.

"మనిషి పరిగెట్టుకొస్తుంటే అద్దంలో చూసి కూడా ఎలా పోతామండీ? మర్యాదగా ఉంటుందాండీ?" అన్నారాయన. ఆయన మొహంలో తప్పుచేసిన ఛాయ ఏ కోశానా లేదు.

మర్నాడు చిన్నాయన. ఆరూ అయిదుకే గేరు వేశాడు. వీధిలో కేక వినపడ్డా వినపడనట్టే లాగించేశాడు. కాలవ వంతెన ఆరూ ఇరవై ఎనిమిదికి దాటేశాడు. అమలాపురంలో కూతురికి ఎనిమిదింటికి కోచింగు క్లాసు, డ్యూటీ దిగి బైకు మీద దింపాలట. తండ్రి తాపత్రయం, కాదనలేం.

"సారూ, నా సర్వీసులో లేటన్న రిమార్కు లేదండీ," అన్నాడు గర్వంగా.

"ముందెళ్లిపోయిన రిమార్కో?"

"దానిక్కూడా రిమార్కు ఉంటుందాండీ?"

నిజమే, లేదు. నా కిటికీలో ఉన్న షీటులో ఆలస్యానికి ఒక గడి ఉంది. ముందెళ్లినదానికి గడే లేదు. ఒకడు మర్యాద వల్ల లేటు, ఒకడు పిల్ల చదువు వల్ల ముందు, ఇద్దరినీ కలిపి నేను సగటున సరిగ్గా అని సంతకం పెట్టాను.

అక్కడితో ఊరుకుంటే నేను కంట్రోలరునెలా అవుతాను? టీచరు గారికి చేసి చూపిద్దామన్న పంతం పట్టుకుంది. మేనేజరు గారిచేత సంతకం పెట్టించి ఆర్డరు వేశాను. ఆరూ పదికి ఒక్క నిమిషం ముందు కదలరాదు. ఏ స్టాపులోనూ టైముకి ముందు పోరాదు. ఎవరికోసమూ, ఎట్టి పరిస్థితిలోనూ ఆపరాదు. చిన్నాయన కూతురి కోచింగు ఎనిమిదిన్నర బ్యాచికి మార్పించుకున్నాడు. పెద్దాయనకే గొంతు దిగలేదు.

"మరి అద్దం ఎందుకండీ బండికి?" అన్నారు.

"చూడకండి," అన్నాను. పెద్ద జోకు వేశాననుకుని నవ్వాను కూడా. వారం తిరక్కుండా ఆయన ఎవరో ముసలాయన కోసం మూడు నిమిషాలు ఆపితే మెమో ఇచ్చాను. మరోసారి ఆపితే రిమార్కు పడుతుందన్నాను. ఆయన సర్వీసుకి ఇంక నాలుగు నెలలుంది, అప్పటిదాకా ఒక్క రిమార్కు లేదు. మెమో మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

మూడు వారాలయ్యేసరికి విచలనం ఒక నిమిషానికి దిగిపోయింది. ఈసారి నేనే లెక్క కట్టి టీచరు గారి చేతిలో పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకుని ప్రతి అంకే చూశారు. ఎర్ర కలం తీసి పదికి ఎనిమిది వేశారు.

"మిగతా రెండూ ఎందుకు కోసేరండీ?"

"చూద్దాం లెండి," అన్నారు.

ఆ తరవాతి సోమవారం ముసురు పట్టింది. ఏడూ నలభైకి బండి వచ్చి ఆగింది. గడియారం చూసుకుని మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పెద్దాయన దిగి, కిటికీ దగ్గరికి రాకుండా తిన్నగా లోపలికే వచ్చారు. మెడలో తువ్వాలు తీసి చేతుల్లో నలుపుతున్నారు.

"టైముకే వచ్చేనండీ," అన్నారు. "టీచరమ్మగారిని వదిలేసి వచ్చేనండీ."

నాకు అర్థం కాలేదు. "ఏమిటి?"

"మలుపు దగ్గర ఉన్నారండీ. అద్దంలో కనపడ్డారు. గొడుగు ఊపేరు. చెల్లెలుగారు చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తున్నారు. వందడుగులుంటుందేమో. ఆరూ నలభై అయిపోయిందండీ. మీరు అద్దం చూడొద్దన్నారు. నేను చూసేను. చూసి కూడా కదిపేశానండీ."

ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆగకపోయారా అనబోయాను. ఏ నోటితో అనను? మెమో ఇచ్చింది నేను.

డయాలసిస్ చేయించుకునేవాళ్లకి సోమవారం ఎలాంటిదో టీచరు గారే ఒకసారి చెప్పారు. శుక్రవారం తరవాత రెండు రోజులు ఖాళీ. ఆ రెండు రోజుల నీరంతా ఒంట్లోనే ఉండిపోతుంది. సోమవారం తప్పితే అది ఊపిరితిత్తుల మీదికి వస్తుంది. అర్జీ మీదున్న నంబరుకి ఫోను చేశాను. మూడోసారికి చెల్లెలుగారు ఎత్తారు. టీచరు గారి పాదాలు వాచిపోయి చెప్పులు పట్టలేదట. తన చెప్పులు ఆవిడకి తొడిగి బయలుదేరేసరికి ఆ నిమిషం పోయింది. ఇద్దరూ వానలో ఆ షెల్టరు లేని స్టాపులోనే నిలబడి ఉన్నారు. వానకి ఆటోలు తిరగడం లేదు, తరవాత బస్సు జాడ లేదు.

ఆస్పత్రికి ఫోను చేసి బతిమాలాను. ఎనిమిదింబావు దాకా చూస్తామన్నారు, వాళ్లు చూశారు కూడా. కొబ్బరికాయల లోడుతో వస్తున్న వ్యాను అతనెవరో అక్కాచెల్లెళ్లని ముందు సీట్లో ఎక్కించుకుని తొమ్మిదిన్నరకి తీసుకొచ్చాడు. అప్పటికి మంచం నిండిపోయింది. మళ్లీ పన్నెండున్నర బ్యాచి దాకా ఆగాలి. కిటికీ పక్కవాడికి అప్పగించి నేనూ వెళ్లి ఆ వరండాలో కూర్చున్నాను.

పదకొండయ్యేసరికి ఆవిడకి ఆయాసం మొదలైంది. పడుకోలేరు, ఆనుకోలేరు, ముందుకి వంగి కూర్చుని ఒక్కో ఊపిరీ లాక్కుంటున్నారు. నర్సు వచ్చి ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టింది. చెల్లెలుగారు వీపు రాస్తూ ప్రార్థన చేసుకుంటున్నారు. నాకు ఏ దేవుణ్ణి పిలవాలో తోచలేదు. భయమేసింది. ఒక మనిషి ప్రాణం మీదికి నేనే తెచ్చానన్న భయం అంతకుముందు ఎప్పుడూ ఎరగను.

పెద్దాయన డ్యూటీ దిగి సరాసరి అక్కడికే వచ్చారు. గోడవార నిలబడ్డారు తప్ప దగ్గరికి రాలేదు. ఆవిడ చూశారు. చేత్తో రమ్మన్నారు. మాట రావడం లేదు, అయినా అడిగారు.

"బస్సు... ఎన్నింటికి కదిలింది?"

"ఆరూ నలభై అండీ."

చెల్లెలుగారి సంచీలోంచి నోటు పుస్తకం తీయించారు. బస్సుకొచ్చిన రోజల్లా దాని టైము రాసుకునే పుస్తకం. ఆ రోజు గడిలో నాచేతే రాయించారు, సున్నా అని. "నేనే... నిమిషం లేటు" అన్నారు. పెద్దాయన అక్కడ ఉండలేక బయటికెళ్లిపోయారు.

పన్నెండున్నరకి మంచం దొరికింది. సాయంత్రం అయిదింటికి ఆవిడ మనిషయ్యారు. గొంతులో మళ్లీ టీచరు వచ్చింది. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని "నా తప్పేనండీ టీచరు గారూ, క్షమించండి" అన్నాను.

"విచలనం తగ్గించండి అన్నాను గానీ, సున్నా చెయ్యమని ఎప్పుడు చెప్పేనండీ?" అన్నారు. "నా క్లాసులో నలభైమందికీ ఒకే మార్కు వచ్చిందంటే నేను సంతోషించేదాన్ని కాదు. కాపీ కొట్టేరేమో చూసేదాన్ని. మనుషులెక్కే బండికి కాస్త చెదురుండాలి. పదమూడు ఎక్కువ, సున్నా తప్పు."

"అయితే ఇకనుంచి మీకోసం ఆపమంటానండీ. మీ ఒక్కరికోసం."

"అబ్బే, అదేం లెక్క! మొన్న మెమో తెప్పించిన ముసలాయనకి ఎవరు ఆపుతారు?" కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించారు. "రాజోలు బస్టాండులో బండి ఊరికే అయిదు నిమిషాలు ఆగుతుంది కదండీ. అందులోంచి రెండు తీసి డ్రైవర్లకి ఇచ్చెయ్యండి. ఎవరైనా వస్తూ కనపడితే రెండు నిమిషాలు ఆపుకోవచ్చు. అంతకు మించొద్దు. ముందు మాత్రం అస్సలు వెళ్లొద్దు."

మర్నాడే ఆర్డరు మార్చాను. పెద్దాయన్ని పిలిచి, ఇచ్చిన మెమో వెనక్కి తీసుకుని ఆయనెదుటే చింపేశాను. "మీ అద్దం మీరు చూసుకోండి. రెండు నిమిషాలు మీవి" అన్నాను. ఆయన దణ్ణం పెట్టారు. నేనే పెట్టాల్సింది.

చిన్నాయనకి ఇది మింగుడు పడలేదు. "ఆరూ నలభై అంటే ఆరూ నలభయ్యేనండీ. వచ్చేవాళ్లు రావాలి. ఎవరికోసమండీ ఈ రెండు నిమిషాలు?" అని చాలారోజులు సణిగాడు. సణుగుతూనే ఆపేవాడు. టీచరు గారు ఎక్కాక "ఇవాళ ఒక నిమిషం నలభై సెకన్లండీ" అని అప్పచెప్పేవాడట. ఆవిడ "రాసుకున్నాను బాబూ" అనేవారట. విచలనం ఒకటిన్నర నిమిషం దగ్గర నిలబడింది. దానికి నాకెన్ని మార్కులో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ తరవాత ఒక్క సోమవారం కూడా బస్సువల్ల పోలేదు. ఏడాదిన్నర అలా నడిచింది. పెద్దాయన రిమార్కు లేకుండానే రిటైరయ్యారు, ఆయన స్థానంలో కొత్త డ్రైవరొచ్చాడు. తరవాత ఒక ఆదివారం, ఆరాధనకి వెళ్లడానికి తయారవుతూ టీచరు గారు ఇంట్లోనే పోయారు. గుండె ఆగిపోయిందన్నారు. సమాధుల తోటకి నేనూ పెద్దాయనా వెళ్లాం. చిన్నాయన డ్యూటీలో ఉన్నాడు, రాలేకపోయాడు.

నా సర్వీసు ఆఖరి నెలలో, ఎవరూ అడక్కపోయినా, ఆ బండి షీట్లు ముందేసుకుని కూర్చున్నాను. అలవాటైపోయింది మరి. కాలవ వంతెన దగ్గర సగటు బాగుంది, విచలనం అంతకన్నా బాగుంది. కానీ ఆవిడ నేర్పిన బుద్ధి పోలేదు, ఒక్కోరోజూ విడివిడిగా చూశాను. ఒక వారం సోమ, బుధ, శుక్రవారాల్లో ప్లస్ రెండు. తరవాతి వారం ఏమీ లేదు. ఆ పైవారం మళ్లీ సోమ, బుధ, శుక్ర, ప్లస్ రెండు. టికెట్లు చూశాను. ఆ రోజుల్లో ఆ స్టాపులో ఎక్కినవాళ్లు ఒక్కరూ లేరు. నాలుగు నెలల షీట్లు తిరగేశాను. ఆవిడ పోయిన దగ్గర్నించీ అలాగే ఉంది. డ్యూటీ చార్టు చూడక్కర్లేకుండానే ఆ వారాలు ఎవరివో తెలిసిపోయింది.

చిన్నాయన్ని పిలిచాను.

"ఏమయ్యా, కాలవ వంతెన దగ్గర ఎవరూ ఎక్కడం లేదు కదా. రెండేసి నిమిషాలు ఎందుకు ఆపుతున్నావ్?"

కిటికీ అవతలికి చూస్తూ నిలబడ్డాడు. "అద్దంలో చూస్తానండీ. ఎవరైనా వస్తారేమోనని."

"సోమ, బుధ, శుక్రవారాలే వస్తారా?"

నా చేతిలో కలం వైపు చూసి "రిమార్కు రాస్తారాండీ?" అన్నాడు.

కలం చేతిలోనే ఉంది. క్యాపు పెట్టేశాను.

"రెండు నిమిషాలే కదా, విచలనంలో కలిసిపోతుందిలే," అన్నాను. "వెళ్లు, నీ బండి టైమైంది."